జర్నలిజం కాలేజీలో చేరేముందు స్టూడియో తలుపు తీయించండి

తేలిక పనులు ముందు కానిచ్చేద్దాం. ఉస్మానియా, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ, ఆంధ్రా యూనివర్సిటీ, ఢిల్లీలో ఐఐఎంసీ (ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మాస్ కమ్యూనికేషన్), వీటి నోటిఫికేషన్లు చూసి ఎంట్రన్స్ తేదీలు, ఫీజులు రాసి పెట్టుకోండి. టీవీ, రేడియోనే కావాలంటే ఐఐఎంసీలో దానికి విడిగా కోర్సు ఉంది. ఈమాత్రానికి కన్సల్టెంట్‌కి డబ్బులెందుకో నాకైతే అర్థం కాదు.

తర్వాత, ఏ పని చేస్తారో తేల్చుకోండి. అడిగితే అందరూ యాంకరే అంటారు. ఛానల్లో బులెటిన్ చదివేది కొద్దిమంది, ఉద్యోగాలు ఎక్కువుండేది వార్తలు రాసి దిద్దే డెస్కులో, ఎడిటింగ్‌లో, ప్రసారాన్ని నడిపే కంట్రోల్ రూమ్ అయిన పీసీఆర్‌లో, ఇప్పుడు యూట్యూబ్ విభాగాల్లో. మొదట్లో జీతం తక్కువ, నైట్ షిఫ్టులు తప్పవు. ఇంట్లో ఈ సంగతి ముందే చెప్పేయండి.

ఇక అసలు పని, అందరూ చెడగొట్టుకునేది ఇక్కడే: కాలేజీ చూడటం. అడ్మిషన్ల మేళా రోజున వెళ్లకండి, ఆ రోజు లైట్లన్నీ వెలుగుతుంటాయి. మామూలు బుధవారం, చెప్పకుండా వెళ్లండి. స్టూడియో తాళం ఎవరి దగ్గరుందో తెలియక అటూ ఇటూ పరిగెడుతున్నారంటే మీకు సగం జవాబు దొరికినట్టే. కెమెరాలు ఏ కంపెనీవని అడక్కండి, అవి ఎవరికిచ్చారో రాసే రిజిస్టర్ చూపించమనండి. అందులో పేజీకి పదిమంది పిల్లల సంతకాలుంటే మంచిది, అన్నీ ఒకే లెక్చరర్ సంతకాలైతే కెమెరా పెళ్లిళ్లకీ కాలేజీ ఫంక్షన్లకీ తిరుగుతోందని అర్థం. ప్రాంప్టర్, అంటే యాంకర్ చూసి చదివే తెర, ఆన్ చేయించి తెలుగు వాక్యం టైప్ చేయమనండి, ఒత్తులు విడిపోతున్నాయంటే దాంట్లో ఎవరూ తెలుగు బులెటిన్ చదవట్లేదు.

సీనియర్‌ని ఒకర్ని పక్కకు పిలిచి తను చేసిన రెండు నిమిషాల స్టోరీ చూపించమనండి. బైట్ (కెమెరా ముందు మనుషులు చెప్పే మాట) ఎవరు తీసుకున్నారు, వాయిస్ ఓవర్ (దృశ్యాల మీద వినిపించే మాటలు) ఎవరు రాశారు, ఎడిట్ ఎవరు చేశారు అని అడగండి. ర్యాంకింగుల కంటే నేను దీన్నే నమ్ముతాను, ఎందుకంటే ర్యాంకులో ఇవేవీ కనబడవు.

ఇంకోటి, రేడియో లేని కాలేజీ నా లెక్కలో సగం కాలేజీయే. సెంట్రల్ యూనివర్సిటీకి బోల్ హైదరాబాద్ అని సొంత క్యాంపస్ రేడియో ఉంది. జహీరాబాద్ దగ్గర మాచ్‌నూర్‌లో సంఘం రేడియో అనే కమ్యూనిటీ రేడియో 2008లో మొదలైంది, రికార్డింగూ ఎడిటింగూ ఊళ్ల ఆడవాళ్లే నేర్చుకుని నడిపారు. ఖరీదైన సెట్లు చూపించి ఫీజు పెంచేవాళ్లకి ఈ ముక్క చెప్పాలి.

ఛానళ్లు నడిపే స్కూళ్లలో స్టైపెండ్, ఉద్యోగం రెండూ దొరకొచ్చు, కాకపోతే బాండ్ ఉంటుంది. ఎన్నేళ్లు, మధ్యలో మానేస్తే ఎంత కట్టాలి, ఒరిజినల్ సర్టిఫికెట్లు పెట్టుకుంటారా అని అడగండి. ఆ కాగితాన్ని ఇంటికి తీసుకెళ్లి చదువుకుంటామంటే కుదరదన్నారా, సంతకం పెట్టకుండా వచ్చేయండి.