క్రాన్‌లో ఫైళ్లు సగమే చేరుతుంటే: బదిలీ స్క్రిప్టును సరిచేసిన తీరు

చేత్తో నడిపితే బాగానే పనిచేసే స్క్రిప్టు, క్రాన్‌లో (నిర్ణీత వేళకు కమాండ్లను దానంతటదే నడిపే ఏర్పాటు) పెట్టాక ఒక్కోసారి ఫైళ్లను సగమే పంపేది. లాగ్‌లో మాత్రం అంతా సవ్యమే! ముందు తేల్చాల్సింది అదే. ఫైళ్లను మరో సర్వర్‌కు పంపే ఆర్‌సింక్ అవుట్‌పుట్‌ను, లాగ్‌లో రాసే టీ కమాండ్‌కు పైపు ద్వారా పంపితే షెల్‌కు అందేది టీ ఎగ్జిట్ కోడ్ (పని ఎలా ముగిసిందో చెప్పే సంఖ్య, 0 అంటే సవ్యం). అది తన పని ముగించి 0 ఇస్తుంది, ఆర్‌సింక్ వైఫల్యం మరుగున పడుతుంది. బాష్ స్క్రిప్టు మొదట్లో పైప్‌ఫెయిల్ (పైపులో ఏ కమాండ్ విఫలమైనా దాని కోడ్‌ను బయటపెట్టే) ఆప్షన్ పెట్టగానే అసలు కోడ్‌లు బయటపడ్డాయి: 255 అంటే అవతలి సర్వర్‌కు సురక్షిత కనెక్షన్ (ఎస్‌ఎస్‌హెచ్) కుదరలేదు, 30 అంటే టైమవుట్, 23 అంటే కొన్ని ఫైళ్లు వెళ్లలేదు.

255కు కారణం లాగిన్‌కు వాడే ఎస్‌ఎస్‌హెచ్ కీ. టెర్మినల్‌లో ఏజెంట్ (కీలను గుర్తుంచుకునే ప్రోగ్రామ్) ఇచ్చే కీ క్రాన్‌కు అందదు. ఈ పనికే వేరే కీ చేసి, దాని పూర్తి పాత్ రాయాలి. అవతలి సర్వర్‌లో ఆ కీకి అవసరమైన కమాండ్ తప్ప మరేదీ అనుమతించకూడదు.

అన్నిటికన్నా మోసకారి సమస్య, ఇంకా రాస్తున్న ఫైలును తీసుకెళ్లడం. ఇక్కడ కోడ్ 0 వచ్చినా ఫైలు అసంపూర్ణమే కావచ్చు. స్లీప్ కమాండ్‌తో కాసేపు ఆగి ఫైలు సైజు మారిందా అని పోల్చడం నమ్మదగిన పద్ధతి కాదు. ఫైలు తయారుచేసే ప్రోగ్రామే తాత్కాలిక పేరుతో రాసి, మూసి, చివర్లో ఎమ్‌వీతో (పేరు మార్చే కమాండ్) అసలు పేరు పెట్టాలి. తాత్కాలిక పేర్లను ఆర్‌సింక్ మినహాయించాలి. రెండు పేర్లూ ఒకే ఫైల్‌సిస్టమ్‌లో ఉండాలి. లేదంటే ఎమ్‌వీ కాపీగా మారి రక్షణ పోతుంది.

ఒక రన్ ముగియకముందే మరొకటి మొదలవకుండా ఎఫ్‌లాక్ (తాళం వేసే కమాండ్)‌ను మైనస్ ఎన్ (-n) ఆప్షన్‌తో వాడండి; తాళం దొరక్కపోతే ఆగకుండా వెంటనే తప్పుకుంటుంది. కోడ్ 30 వస్తే మళ్లీ ప్రయత్నించవచ్చు, మధ్యలో 30, 60, 120 సెకన్ల విరామంతో. కోడ్ 23 వస్తే మాత్రం ముందు పర్మిషన్లు చూడాలి.