వలస కుటుంబం జాడ పాత పత్రాల్లో వెతకడం ఎలా?

ఇరవయ్యో శతాబ్దం తొలినాళ్లలో అమెరికాకు వలస వెళ్లిన కుటుంబాన్ని 1930ల నాటి మహా ఆర్థిక మాంద్యం ఎంతగా దెబ్బతీసిందో తెలుసుకోవాలంటే, ముందుగా ఓడ ప్రయాణికుల జాబితాను వెతకాలి. అది సాధారణంగా ఓడ బయలుదేరిన రేవులోనే తయారయ్యేది కనుక, న్యూయార్క్ రేవులో వలసదారులను తనిఖీ చేసిన ఎల్లిస్ ద్వీపంలో గుమాస్తాలు పేర్లు మార్చేశారన్న కథను పట్టించుకోకుండా, స్వదేశపు పేరుతోనే గాలించడం మేలు. చేతిలో 50 డాలర్లు ఉన్నాయా, లేకుంటే ఎంత ఉంది, ఎవరి దగ్గరకు వెళ్తున్నారు అన్న గడులను తప్పక చదవాలి.

తర్వాత 1930 జనగణన పత్రంలో ఇంటి అద్దె, రేడియో, ముందురోజు పనిచేశారా లేదా అన్న వివరాలు చూసుకోవాలి. అసలు సంగతి 1940 పత్రంలో ఉంటుంది: 1935లో ఎక్కడ నివసించారు, 1939లో ఎంత జీతం వచ్చింది, ప్రభుత్వం కల్పించిన అత్యవసర ఉపాధి పనుల్లో ఉన్నారా అన్న ప్రశ్నల జవాబులను 1930 పత్రంతో పోల్చి చూస్తే, పని పోయి ఊరు మారిన కుటుంబాలను చాలావరకు గుర్తుపట్టవచ్చు.