స్టాఫ్ ట్రైనింగ్‌కి డబ్బుల్లేవా? నెలవారీ మీటింగ్ ఉందిగా

మా స్వచ్ఛంద సంస్థలో ఊళ్లలో తిరిగి పనిచేసే ఫీల్డ్ స్టాఫ్ పదకొండు మంది. ఒకసారి అందర్నీ శ్రీకాకుళం రప్పించి, హాలు అద్దెకి తీసుకుని, బయటి నుంచి ఒకాయన్ని పిలిచి "నాయకత్వ లక్షణాలు" అని రెండు రోజులు చెప్పించాను. భోజనం బాగుందన్నారు. తర్వాతి వారం నుంచి మళ్లీ మామూలే, ఊళ్లో మీటింగ్ ఒక గంట వెనక్కి జరపాలన్నా నాకే ఫోన్. తప్పు వాళ్లది కాదు, నిర్ణయాలన్నీ నా దగ్గరే పెట్టుకుని వాళ్లకి నాయకత్వం నేర్పించబోయాను.

ముందు ఎవరికి ఏం రావట్లేదో చూడండి. కాగితాలిచ్చి అడిగితే అందరూ కంప్యూటర్, ఇంగ్లీషు అనే రాస్తారు. దానికంటే ఒకరోజు వాళ్ల బండి వెనక కూర్చుని తిరగండి. మా దగ్గర ఒకమ్మాయి సవర గిరిజనుల ఊళ్లలో ఇరవై మంది ఆడవాళ్లని గంటసేపు కదలనివ్వకుండా మాట్లాడుతుంది, అదే మనిషి మండలాఫీసుకి వెళ్తే గుమ్మం దగ్గరే ఆగిపోతుంది. పాఠం చెబితే పోయే భయం కాదది.

అందుకే నెలవారీ మీటింగ్‌లో గంటన్నర దీనికే. నేను మండలాఫీసులో ఉండే ఎంపీడీఓగా నటిస్తూ, ఫోన్ చూసుకుంటూ "ఏటమ్మా, ఏం కావాల?" అంటాను. మొదటిసారి ఆ అమ్మాయి ఊరి కష్టాలన్నీ చెప్పుకొచ్చింది, అడగాల్సింది మాత్రం ఆఖర్న గొణిగింది. రెండోసారి "సార్, బోరు పాడై తొమ్మిది రోజులైంది, ఇదిగో అర్జీ, మెకానిక్ ఎప్పుడొస్తారు?" అంది గానీ రసీదు అడగడం మర్చిపోయింది. మూడోసారి అదీ అడిగింది. వారం తిరక్కుండా నిజంగానే వెళ్లింది. నేను బయట టీ కొట్టు దగ్గరే ఉండిపోయాను, లోపలికి వెళ్లాలని కాళ్లు లాగాయనుకోండి.

డబ్బు లెక్కలు కూడా ఇలాగే. పోయిన నెల వోచర్లే తెచ్చి, పేర్లు కనపడకుండా మడిచి, తప్పులు పట్టమనండి. తేదీ లేనిది, బస్సు టికెట్ జత చేయనిది, "ఇతర ఖర్చులు" అని ఊరుకున్నది, అన్నీ వాళ్లే పట్టుకుంటారు. విదేశీ నిధులు తీసుకునే సంస్థైతే విదేశీ విరాళాల చట్టానికి (FCRA) 2020లో చేసిన సవరణ తర్వాత ఆ నిధుల్లో ఆఫీసు నిర్వహణ ఖర్చు 20 శాతం దాటకూడదని, ఆ డబ్బు ఇంకో సంస్థకి ఇవ్వకూడదని అకౌంటెంట్‌కే కాదు, ఫీల్డులో ఉన్నవాళ్లకీ చెప్పండి. ట్రైనింగ్ ఖర్చు ప్రాజెక్టు ప్రపోజల్ రాసేటప్పుడే విడిగా చూపించాలి, తర్వాత అడిగితే దాతలు ఒప్పుకోవడం కష్టం.

ఆ తర్వాత అసలు పని. నన్ను అడక్కుండా ఎవరేం చేయొచ్చో ఒక పేజీలో రాసి గోడకి అంటించాం. రెండు వేల లోపు ఖర్చు, ఊరి మీటింగ్ తేదీ, వాలంటీర్‌ని మార్చడం ఇవన్నీ వాళ్లిష్టం. నెలవారీ మీటింగ్ వంతులవారీగా వాళ్లే నడుపుతారు, నేను ఆఖరి బెంచీలో. ఎవరైనా తప్పు నిర్ణయం తీసుకుంటే అందరి ముందు అనకండి, ఒక్కసారి అన్నారంటే మళ్లీ ఫోన్లు మొదలు.

పదిమంది, అంతకు మించి పనిచేసే చోట లైంగిక వేధింపుల ఫిర్యాదులకి అంతర్గత కమిటీ ఉండాలన్నది 2013 చట్టం. కమిటీలో ఎవరున్నారో, ఫిర్యాదు ఎలా ఇవ్వాలో ఒక పూట కూర్చుని చెప్పండి.

తేదీలు చూసి పెట్టుకోండి. ఊడ్పులప్పుడు, జీడి సీజన్లో సగం మంది మనసు పొలం మీదే ఉంటుంది. ఇక విజయనగరంలో పైడితల్లి అమ్మవారి సిరిమాను పండగ వారం ట్రైనింగ్ పెట్టారంటే ఖాళీ కుర్చీలకి చెప్పుకోవాలి.

నేర్పిస్తే వెళ్లిపోతారేమో అని కొందరి భయం. వెళ్తారు, మా దగ్గరా ఇద్దరు వెళ్లారు, జీతం ఎక్కువిస్తే ఎవరు మాత్రం ఆగుతారు? ఒక్కో ఊరూ ఇద్దరికి తెలిసి ఉండేలా చూసుకోండి, వెళ్లేవాళ్లు ఆఖరి పదిహేను రోజులూ కొత్తవాళ్లని బండి మీద ఎక్కించుకుని తిప్పేలా ముందే మాట్లాడుకోండి.