వినదగినవి వెతుక్కోవడం – మూడవ పాఠం: ఒకరు చెప్పిన పేరు

కిందటి రెండు పాఠాలలో ఆడియోబుక్కులు, పాడ్‌కాస్ట్‌లు (భాగాలు భాగాలుగా వచ్చే, వినే కార్యక్రమాలు) వినడానికి ఫోనులో యాప్ పెట్టుకోవడం, భాషను తెలుగుకు మార్చుకోవడం, విన్నవాటి పేర్లు ఒక నోటుపుస్తకంలో రాసుకోవడం చూశాం. ఆ పుస్తకంలో ఈపాటికి పది పేర్లయినా చేరి ఉండాలి. చేరకపోతే ఈ పాఠాన్ని కొన్నాళ్లు పక్కన పెట్టండి. తనకేది నచ్చుతుందో తనకే తెలియనివారికి ఎవరు ఏ పేరు చెప్పినా అది ఇంకొకరి కొలతలకు కుట్టిన చొక్కాలాగే ఉంటుంది. ఈసారి పని రెండు భాగాలు: యంత్రం చూపే సిఫార్సును ఎంతవరకు నమ్మాలో తెలుసుకోవడం, మనుషుల నుంచి పనికొచ్చే సిఫార్సును రాబట్టడం. రెండోదే కష్టం కాబట్టి ఎక్కువసేపు దానిమీదే ఉందాం.

యాప్ ఒక పేరు చూపిందంటే దాని వెనుక సాధారణంగా రెండు రకాల లెక్కలుంటాయి. మీరు విన్నదే విన్న ఇతరులు ఇంకా ఏమేం విన్నారన్నది మొదటిది. నెల్లూరు ట్రంకురోడ్డులో బట్టల కొట్టు గుమాస్తా, "ఈ చీర తీసుకున్నోళ్లంతా ఈ జాకెట్టు గుడ్డ కూడా తీసుకుంటున్నారమ్మా" అనడం లాంటిదే ఇది. శీర్షికలోను, పరిచయ వాక్యాలలోను కనిపించే మాటల పోలికను చూసేది రెండోది. మొదటి లెక్క కుదరాలంటే ఒకే కార్యక్రమాన్ని చాలామంది విని ఉండాలి. తెలుగులో మంచి కథల పాడ్‌కాస్ట్‌కు కూడా అంతమంది శ్రోతలు దొరకడం కష్టం కనుక, యాప్ మిమ్మల్ని హిందీ వైపో, ఎక్కువమంది వినే భక్తి ప్రసంగాల వైపో నడిపిస్తుంది. అది చూసి తెలుగులో ఇంతకు మించి లేవనుకుని చాలామంది వెతకడం మానేస్తారు.

పైగా ఆ లెక్క మన పొరపాట్లను కూడా మన అభిరుచిగానే రాసుకుంటుంది. టంగుటూరు దగ్గర మా మామ వాళ్ల పొగాకు బ్యారన్‌లో (ఆకును వేడితో ఆరబెట్టే గదిలో) క్యూరింగ్ జరిగే రోజులలో రాత్రిపూట తోడుగా వెళ్లేవాడిని. ఆకు పసుపు రంగుకు తిరిగేదాకా సన్నని వేడి, ఆ తరువాత ఈనె ఎండేదాకా పెద్ద వేడి. గంటకొకసారైనా లేచి థర్మామీటరు చూడకపోతే ఆకు రంగు పోతుంది, వేలంలో ధర పోతుంది. ఒక రాత్రి నేను ఫోను చెవి దగ్గర పెట్టుకుని నిద్రపోయాను. కథ అయిపోయాక యాప్ తనంతట తానే తరువాతది, ఆ తరువాతది వేసుకుంటూ పోయి, తెల్లవారేసరికి ఆరు దెయ్యాల కథలు పూర్తి చేసింది. ఆపైన నెల రోజులపాటు, నేను వాటిలో ఒక్క ముక్క కూడా వినకపోయినా, యాప్ తెరిస్తే చాలు స్మశానాలే ఎదురయ్యేవి. అందుకే పడుకునేటప్పుడు, కొంతసేపటికి యాప్ తానే ఆగిపోయేలా స్లీప్ టైమర్ పెట్టుకోవడం, విన్నవాటి చరిత్రలో నుంచి మనవి కానివాటిని తీసివేయడం అలవాటు చేసుకోండి. ఇంట్లో ఒకే ఫోనులో పిల్లలు కూడా కథలు వింటూ ఉంటే, వీలున్న యాప్‌లలో వారికి వేరే ప్రొఫైల్ తెరవండి.

ఇక మనుషుల సంగతి. "మంచి ఆడియోబుక్ ఏదైనా చెప్పండి" అని అడిగితే ఎదుటివారు తమకు చివరిగా గుర్తున్న పేరు చెప్పి ఊరుకుంటారు. నేనూ మా మామకు అలాగే, ఆయన ఏమీ అడగకుండానే, నాకు ఎంతో నచ్చిన ఒక నవల చెప్పాను. మరునాడు కనుక్కుంటే జరిగిన సంభాషణ ఇది:

"మామా, నిన్న చెప్పిన నవల యిన్నావా?"

"యిన్నాలే అల్లుడా. కథ బాగానే ఉంది గానీ, ఆయన జోలపాట పాడినట్టు చదవతన్నాడు. నేను నిద్రపోతే మంట ఎవురు చూస్తారు?"

ఆయనకు కావలసింది మంచి కథ కంటే ముందు నిద్ర పట్టనివ్వని గొంతు. 1948 డిసెంబరులో మొదలైన విజయవాడ ఆకాశవాణి కేంద్రం నాటకాలు వింటూ పెరిగిన తరం వారిది. పాత్రకొక గొంతు పలకాలి, మధ్యలో తలుపు చప్పుడు వినిపించాలి. ఆ ముక్క ముందే అడిగి ఉంటే నేను నవల బదులు నాటకం చెప్పేవాడిని. (న్యూస్ ఆన్ ఎయిర్ యాప్‌లో ఆకాశవాణి కేంద్రాలు ఇప్పటికీ వినవచ్చు.)

కనుక సిఫార్సు అడిగేటప్పుడు మీరు చివరిదాకా విన్నది ఏదో, అందులో మిమ్మల్ని పట్టి ఉంచినది ఏదో చెప్పండి. ఎప్పుడు, ఏ పని చేస్తూ వింటారో చెప్పండి. ఏది భరించలేరో కూడా దాచకుండా చెప్పండి. ఉదాహరణకు అల్లూరు వైపు రొయ్యల గుంట దగ్గర కాపలా ఉండే ఒకరు ఇలా రాయవచ్చు: "రాత్రిళ్లు, నీటికి గాలి పట్టించే ఏరియేటర్ల మోతలో, ఒక్క చెవికే ఇయర్‌ఫోన్ పెట్టుకుని వింటాను. గుసగుసగా చదివేవి నాకు వినబడవు. నలభై నిమిషాలలో ఒక భాగం ముగియాలి. చరిత్ర ఇష్టం, రాజుల పొగడ్తలు వద్దు." ఇంత చెప్తే తెలిసినవారు తప్పు పేరు చెప్పడం కష్టం. ఒక్క చెవితో వినేవారు ఫోను సెట్టింగులలో, రెండు వైపుల శబ్దాన్నీ కలిపి వినిపించే మోనో ఆడియోను ఆన్ చేసుకోవాలి. లేకుంటే నాటకాలలో రెండో చెవి వైపు పలికే పాత్ర సగం మాయమైపోతుంది.

మీకు సిఫార్సు చేసేవారిని తిరిగి ఒక ప్రశ్న అడగండి: "మీరు మధ్యలో ఆపేసినవి ఏవి?" మెచ్చుకోవడంలో మొహమాటం ఉంటుంది, ఆపేయడంలో ఉండదు. ఒకరు ఆపేసినవాటిలో సగం మీకూ విసుగనిపించినవే అయితే, వారు మెచ్చినవాటిని కళ్లు మూసుకుని మొదలుపెట్టవచ్చు.

పేరు దొరికాక చూడవలసినది గొంతు. భారతదేశ చట్టం ప్రకారం రచయిత మరణించిన తరువాతి సంవత్సరం మొదలు 60 ఏళ్లు గడిస్తే, వారు బతికుండగా వెలువడిన రచనలపై హక్కు తీరిపోతుంది. 1915లో కన్నుమూసిన గురజాడ కథలను ఈనాడు ఎవరైనా చదివి పెట్టవచ్చు. పాత కథ ఒక్కొక్కటి నాలుగైదు గొంతులలో దొరకడానికి కారణం ఇదే, కాబట్టి కథ పేరు ఒక్కటే చెప్పిన సిఫార్సు సగం సిఫార్సే. నమూనా భాగాన్ని ఐదు నిమిషాలు వినండి. ళకారం లకారమైపోతోందా, సంభాషణ దగ్గర గొంతు మారుతోందా, వాక్యం మధ్యలో అర్థం లేని చోట ఊపిరి తీసుకుంటున్నారా అన్నది గమనించండి. ఎక్కడా ఊపిరే వినబడకుండా, 1947ను ఒకచోట ఒకలాగా ఇంకోచోట ఇంకోలాగా పలుకుతుంటే అది యంత్రం గొంతు అయివుండవచ్చు. సంక్షిప్తమా, పూర్తి పాఠమా అన్నది వివరాలలో చూడండి.

నచ్చిన ఒక్కదాని నుంచి మరికొన్నింటికి మీరే దారి వేసుకోవచ్చు. చదివినవారి పేరు పట్టుకుని వారు చదివిన ఇతర పుస్తకాలు వెతకండి; దాసుభాషితం వంటి తెలుగు ఆడియోబుక్కుల యాప్‌లో ఈ పని తేలిక. హర్షణీయం వంటి, రచయితలతోను అనువాదకులతోను మాట్లాడే పాడ్‌కాస్ట్ అయితే అతిథి నోట వచ్చిన ప్రతి పుస్తకం పేరూ ఒక సిఫార్సే. విన్న నిమిషంతో సహా రాసుకోండి, మళ్లీ వెనక్కి వెళ్లి వెతకడం తప్పుతుంది. వ్యక్తుల మీద, పుస్తకాల మీద సాగే కిరణ్ ప్రభ టాక్ షోలు విన్నవారు ఆ వ్యక్తి మీదో ఆ పుస్తకం మీదో ఇంకేమున్నాయని గ్రంథాలయానికి వెళ్లడం మామూలే; నెల్లూరులోనైనా ఒంగోలులోనైనా గ్రంథపాలకులను ఈ విషయంలో అడిగేవారు తక్కువ, అడిగితే చెప్పేవి ఎక్కువ.

చివరగా, పేరును సరిగ్గా రాసుకోవడం. ఒక యాప్ నుంచి పంపిన లింకు మీ ఫోనులో తెరుచుకోకపోవచ్చు. కానీ పాడ్‌కాస్ట్‌లలో ఎక్కువ భాగం ఆర్‌ఎస్‌ఎస్ ఫీడ్ (కొత్త భాగాల వివరాలను యాప్‌లకు అందించే వెబ్ జాబితా) ద్వారా అన్ని యాప్‌లకూ చేరతాయి, కాబట్టి కార్యక్రమం పేరు, నడిపేవారి పేరు, భాగం పేరు ఉంటే ఎక్కడైనా దొరుకుతుంది. తెలుగు లిపిలో దొరకకపోతే ఆంగ్ల లిపిలో వెతకండి. కథ అన్న మాటనే కొందరు టీ-హెచ్‌తో, కొందరు డీ-హెచ్‌తో రాస్తారు, రెండూ ప్రయత్నించాలి. మీరు అనుసరించే కార్యక్రమాల జాబితాను ఏడాదికొకసారి ఓపీఎంఎల్ ఫైలుగా (ఒక యాప్ జాబితాను ఇంకో యాప్‌లోకి తీసుకెళ్లడానికి పనికొచ్చే ఫైలు) దించి దాచుకోండి. 2024లో గూగుల్ పాడ్‌కాస్ట్స్ మూతపడినప్పుడు అలా దించుకున్నవారు వేరే యాప్‌లో అదే జాబితాతో కొనసాగారు.

ఈ వారం అభ్యాసం: పైన చూపిన పద్ధతిలో మీ అడగవలసిన మాటలను ఐదు వాక్యాలకు మించకుండా రాసి, మీకంటే ఇరవై ఏళ్లు పెద్దవారిని ఒకరిని, మీకంటే చిన్నవారిని ఒకరిని అడగండి. ఇద్దరూ ఆపేసినవాటి పేర్లు కూడా నోటుపుస్తకంలో వేరే పేజీలో రాయండి. తరువాతి పాఠానికి ఆ పేజీ కావాలి.