ఒంటరిగా తెరచాప ఎత్తే ముందు

మొదటిసారి ఒక్కడినే తెరచాప పడవలో వెళ్లిన రోజు, అలవాటు కొద్దీ వెనక్కి తిరిగి "కాస్త ఈ తాడు పట్టుకో" అన్నాను. వెనక ఎవరూ లేరు. అప్పటిదాకా నేర్చుకున్నదంతా ఇంకో రెండు చేతులు ఉంటాయన్న ధీమాతో నేర్చుకున్నదేనని అప్పుడు అర్థమైంది.

అందుకే బయల్దేరే ముందు ఒక పరీక్ష పెట్టుకోండి. పని తెలిసిన మనిషిని పడవ ఎక్కించుకుని, చేతులు కట్టుకుని కూర్చోమనండి, నోరు కూడా మెదపొద్దనండి. చాప ఎత్తడం, దించడం, లంగరు వేయడం, గట్టుకు చేర్చి కట్టడం అన్నీ మీరే చేయాలి. మూడుసార్లు వెళ్లొచ్చినా ఆయన నోరు తెరవాల్సిన అవసరం రాలేదంటే మీరు సిద్ధమైనట్టే. నా విషయంలో రెండోసారే అరిచాడు.

అన్నిటికన్నా ముఖ్యం, నీళ్లలో పడకుండా ఉండడం. ఇద్దరుంటే రెండోవాళ్లు పడవ తిప్పుకొస్తారు. ఒక్కరే ఉంటే, ఆటోపైలట్ మీద ఉన్న పడవ మిమ్మల్ని వదిలేసి తన దారిన పోతూనే ఉంటుంది. 4 నాట్స్ అంటే గంటకు దాదాపు ఏడున్నర కిలోమీటర్లు. బట్టలతో, లైఫ్ జాకెట్‌తో ఈదుతూ దాన్ని అందుకోవడం కల్ల. 1898లో ఒంటరిగా భూమి చుట్టి వచ్చిన తొలి నావికుడు జాషువా స్లోకమ్‌కు అసలు ఈతే రాదంటారు! క్యాబిన్ ఉన్న పడవైతే హార్నెస్ (ఛాతీకి బిగించుకునే బెల్టు) వేసుకుని, దాని పట్టీని పడవకు తగిలించాకే ముందు భాగానికి వెళ్లండి. పట్టీ పొట్టిగా ఉండాలి. పొడుగైతే నీళ్లలో పడ్డాక పడవ మిమ్మల్ని పక్కనే ఈడ్చుకుపోతుంది. బోల్తా పడే డింగీలో, అంటే క్యాబిన్ లేని చిన్న పడవలో మాత్రం పట్టీతో ఒంటిని పడవకు కట్టుకోవద్దు. చాప కింద ఇరుక్కుంటే అదే ఉరితాడవుతుంది. అక్కడ కావాల్సింది పడవను వదలకపోవడం, బోల్తా పడితే మళ్లీ నిలబెట్టే సాధన.

ఇంకొకటి చూసుకోండి. నీళ్లలో ఉండి చేయి చాపితే మీ నిచ్చెన కిందికి దిగుతుందా? చాలా పడవల్లో అది పైనుంచే దిగుతుంది. నీళ్లు బాగా చల్లగా ఉంటే మొదటి నిమిషం ఊపిరి ఎగపోస్తుంది. అప్పుడు ఈదబోకండి, ముఖం నీటిపైన ఉంచి ఊపిరి కుదుటపడనివ్వండి. ఆ తర్వాత చేతులు మొద్దుబారకుండా మాట వినేది సుమారు పది నిమిషాలే.

ఇక గాలి. దాని వేగం రెట్టింపైతే చాప మీద ఒత్తిడి నాలుగింతలవుతుంది. 10 నాట్స్ కాస్తా 14 అయితే చాలు, ఒత్తిడి దాదాపు రెట్టింపు. గాలిని వీపున పెట్టుకుని పోయేటప్పుడు ఇది అసలు తెలియదు. 15 నాట్స్ గాలిలో మీరు 5 నాట్స్‌తో పోతుంటే ఒంటికి తగిలేది 10 మాత్రమే. హాయిగా ఉంటుంది. ఇంటికి రావాలని ఎదురుగాలికి తిప్పగానే అదే గాలి 19లా కొడుతుంది. చాపను తగ్గించి కట్టడం గట్టు దగ్గరే చేసుకోండి. తగ్గించాలా వద్దా అన్న అనుమానం వచ్చిందంటే తగ్గించాల్సిందే. అలల మీద అక్కడక్కడ తెల్ల నురుగు కనిపించే గాలి మొదటి రోజుకు చాలు, అంతటా తెల్లబడితే ఆ రోజు మీది కాదు. గట్టు నుంచి సముద్రం వైపు వీచే గాలిని నమ్మొద్దు, దగ్గర్లో నీళ్లు అద్దంలా కనిపిస్తాయి గానీ అది మిమ్మల్ని గట్టుకు దూరంగా తోసుకుపోతుంది.

గాలి వెనక నుంచి ఉన్నప్పుడు బూమ్ (చాప అడుగున ఉండే అడ్డకర్ర) ఒక్కసారిగా అటు నుంచి ఇటు తిరిగి తలకు తగలొచ్చు. తల వంచే ఉంచండి. దిశ మార్చాల్సి వచ్చినప్పుడు టెన్షన్‌గా ఉంటే, బూమ్‌ను అలా మళ్లించకుండా, పడవ ముక్కును గాలికెదురుగా తిప్పి చుట్టూ తిరిగి రండి. కాస్త సమయం పడుతుంది, పట్టనివ్వండి.

నన్ను ఎక్కువగా మార్చింది హీవ్ టు, అంటే నీళ్ల మధ్యే పడవను ఆపి ఉంచే పద్ధతి. పడవ ముందు భాగంలోని చాపను గాలి వచ్చే వైపే బిగించి, చుక్కాని పిడిని దానికి అవతలి వైపు కడితే పడవ దాదాపు నిలిచి, మెల్లగా పక్కకు కొట్టుకుపోతూ ఉంటుంది. నీళ్లు తాగొచ్చు, ఏదైనా తినొచ్చు, ఆలోచించొచ్చు. గట్టు మీద నాకు ఏ నిర్ణయమైనా నలుగురిని అడిగితే గానీ తేలేది కాదు. అడిగేవాళ్లు లేనిచోట కంగారుగా ఏదో ఒకటి చేసేసేవాణ్ని. పడవను ఆపడం వచ్చాకే, తేల్చుకోవడానికి పది నిమిషాలు తీసుకుంటే తప్పు లేదని తెలిసింది. ఒకరోజు అలా ఆపి ఆలోచించి, బయల్దేరిన పావుగంటకే వెనక్కి వచ్చేశాను. గట్టు మీద ఇద్దరు నవ్వారు. ఆ రాత్రి హాయిగా నిద్రపట్టింది.

వెళ్లేముందు ఎటు వెళ్తున్నారో, ఎప్పటికి వస్తారో ఒకరికి చెప్పండి. ఎంత ఆలస్యమైతే ఎవరికి కబురు చేయాలో కూడా చెప్పండి. చేతి రేడియో క్యాబిన్‌లో కాదు, ఒంటి మీద ఉండాలి. ఆపదలో పిలవాల్సింది 16వ ఛానెల్.

ఒడ్డుకు చేరగానే ఆ మనిషికి ఫోన్ చేయండి. నేను ఒకసారి మర్చిపోయి, పడవ కడిగి తీరిగ్గా టీ తాగుతున్నాను. నన్ను వెతకడానికి బయల్దేరుతున్న పడవ నా ముందు నుంచే వెళ్లింది.