పాత ఆల్ ఇన్ వన్‌లో లినక్స్ – నాలుగో పాఠం: ఒకే పెన్‌డ్రైవ్, రెండు పేర్లు

తెరలోనే కంప్యూటరంతా ఇమిడి ఉండే పాత ఆల్ ఇన్ వన్‌లో, విండోస్ పక్కన లినక్స్‌కు చోటు చేయడానికి ఈ వారం డిస్కు విభజన మొదలుపెట్టాల్సింది. మూడో పాఠం తర్వాత వచ్చిన ఉత్తరాలు చూశాక దాన్ని పక్కన పెట్టాను.

ప్రొద్దుటూరులో బట్టల దుకాణం నడిపే పాఠకుడు మింట్ (మనం వాడుతున్న లినక్స్ రకం) ఎక్కించాడు, పని పూర్తయిందన్న సందేశమూ చూశాడు. కంప్యూటర్ మళ్లీ తెరిస్తే ఎప్పటిలాగే విండోస్ వచ్చి కూర్చుంది. మైదుకూరు పాఠకుడికి ఇన్‌స్టాలర్‌లో విండోస్ ఆనవాలే కనిపించలేదు. రాజంపేట ఉపాధ్యాయురాలికి అంతా అయ్యాక, చివర్లో గ్రబ్ (కంప్యూటర్ తెరవగానే లినక్స్‌ను మొదలుపెట్టే బూట్ లోడర్) దగ్గర ఆగిపోయింది. ముగ్గురూ డిస్కు పోయిందనే అనుకున్నారు. ఒకరు కొత్తదానికి బేరం కూడా ఆడి వచ్చారు. డిస్కుకు ఏ రోగమూ లేదు. ముగ్గురూ బూట్ మెనూలో (కంప్యూటర్ దేని నుంచి మొదలవ్వాలో అడిగే పట్టికలో) పెన్‌డ్రైవ్ పేరు రెండుసార్లు కనబడితే, ఏదైతేనేం అని మొదటిదాన్ని నొక్కారు.

ఐఎస్ఓ ఫైలును (మింట్ మొత్తం ఒకే ఫైలుగా దిగేది) పెన్‌డ్రైవ్‌లోకి లాగి వదిలేసినవాళ్లు మూడో పాఠం మళ్లీ చదవండి. ఇక్కడ చెప్పను.

ఆ రెండు పేర్ల సంగతి. మీట నొక్కగానే కంప్యూటర్ మేల్కొనే పద్ధతులు రెండున్నాయి. 2012లో విండోస్ 8తో అమ్మిన కంప్యూటర్ల నుంచి యూఈఎఫ్ఐ పద్ధతి మామూలైంది. అంతకుముందుది పాత బయోస్ పద్ధతి, మెనూల్లో దాన్నే లెగసీ అంటారు. మన చేతికి వచ్చే పాత ఆల్ ఇన్ వన్‌లు చాలావరకు సంధికాలపువి, రెండూ చేయగలవు. అందుకే ఒకే పెన్‌డ్రైవ్ ఒకసారి ముందు యూఈఎఫ్ఐ అన్న మాటతో, ఇంకోసారి ఉత్త పేరుతో కనబడుతుంది. ఏది నొక్కినా అదే మింట్ తెర వస్తుంది, అదే రంగు, అవే బొమ్మలు. మోసమంతా అక్కడే ఉంది. ఉత్త పేరుతో లోపలికి వెళ్లిన ఇన్‌స్టాలర్ తన బూట్ లోడర్‌ను పాత పద్ధతిలో రాస్తుంది. విండోస్ యూఈఎఫ్ఐలో ఉన్న యంత్రం ఆ వైపు చూడనే చూడదు. గుడికి తూర్పు వాకిట చెప్పులు విడిచి, ఉత్తర వాకిట బయటికి వచ్చి, చెప్పులు ఎవరో ఎత్తుకుపోయారన్నట్టు ఉంటుంది ఈ గోల.

కాబట్టి ముందు మీ విండోస్ ఏ పద్ధతిలో ఉందో తెలుసుకోండి. విండోస్ మీట, ఆర్ కలిపి నొక్కి, వచ్చిన పెట్టెలో ఎమ్ఎస్ఇన్ఫో32 అని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టండి. వచ్చిన పట్టికలో బయోస్ మోడ్ అనే వరుస ఉంటుంది. దాని ఎదురుగా యూఈఎఫ్ఐ అని ఉంటే పెన్‌డ్రైవ్‌నూ యూఈఎఫ్ఐ పేరుతోనే తెరవాలి. లెగసీ అని ఉంటే ఉత్త పేరుతో. కంప్యూటర్ కొన్న ఏడాదిని బట్టి ఊహించవద్దు. విండోస్ 7 నుంచి 10కి మార్చుకున్న యంత్రం 10 నడుపుతూనే లెగసీలో ఉండిపోవచ్చు.

పెన్‌డ్రైవ్ నుంచి మింట్ తెరిచాక కూడా సరిచూసుకోవచ్చు. ఫైల్ సిస్టమ్‌లో సిస్, దానిలో ఫర్మ్‌వేర్ ఫోల్డర్ తెరవండి. అక్కడ ఈఎఫ్ఐ అనే ఫోల్డర్ ఉంటే యూఈఎఫ్ఐ వాకిట్లోంచి వచ్చినట్టు. మీ విండోస్ యూఈఎఫ్ఐలో ఉండి, ఇక్కడ ఆ ఫోల్డర్ లేకపోతే కంప్యూటర్ ఆపి మళ్లీ రండి. ఇన్‌స్టాల్ బొమ్మ మీద చెయ్యి వేయవద్దు.

నా అడ్డదారి ఒకటుంది. విండోస్ యూఈఎఫ్ఐలో ఉంటే రూఫస్‌లో (పెన్‌డ్రైవ్ తయారుచేసే విండోస్ ప్రోగ్రామ్) పెన్‌డ్రైవ్ రాసేటప్పుడే విభజన పద్ధతి దగ్గర యూఈఎఫ్ఐకి సరిపడే జీపీటీ ఎంచుకుంటాను, రాసే విధానం అడిగితే ఐఎస్ఓ అంటాను. ఆ పెన్‌డ్రైవ్‌ను పొరపాటున లెగసీలో తెరిచినా ముందుకు సాగదు. ఇక బూట్ మెనూ మీట నొక్కే సమయం దొరకని వాళ్లకు: విండోస్‌లో షిఫ్ట్ పట్టుకుని రీస్టార్ట్ నొక్కండి, నీలం తెర మీద యూజ్ ఎ డివైస్ కింద పెన్‌డ్రైవ్ ఉంటుంది. విండోస్ యూఈఎఫ్ఐలో ఉంటేనే ఈ దారి కనబడుతుంది, ఇందులో వెళ్తే మామూలుగా యూఈఎఫ్ఐ వాకిలే తెరుచుకుంటుంది. బూట్ మెనూకు డెల్, లెనోవోలలో ఎఫ్12, హెచ్‌పీలో ఎఫ్9 పనిచేస్తాయి కానీ, ఆల్ ఇన్ వన్‌తో వచ్చే వైర్‌లెస్ కీబోర్డు ఆ మొదటి క్షణాల్లో నిద్ర లేవకపోవచ్చు. వైరున్న కీబోర్డు ఒకటి అరువు తెచ్చుకోండి. షట్‌డౌన్ చేసి మొదలుపెట్టవద్దు, రీస్టార్టే చేయండి. ఫాస్ట్ స్టార్టప్ వల్ల షట్‌డౌన్ చేసినా విండోస్ సగం మెలకువతోనే ఉంటుంది, తన విభాగాలకు తాళం వేసుకుని.

మింట్ మొదలై తెర నల్లబడిందా? ఆల్ ఇన్ వన్‌లో తెర వేరే చోటికి పోదు కాబట్టి ఇది డెస్క్‌టాప్‌లో కంటే ఎక్కువ భయపెడుతుంది. గ్రబ్ మెనూలో మింట్ వరుస మీద ఉండగా ఇంగ్లీషు ‘ఈ’ (E) అక్షరం నొక్కి, లినక్స్ అని మొదలయ్యే పంక్తిలో స్ప్లాష్ తర్వాత ఒక ఖాళీ వదిలి నోమోడ్‌సెట్ అని చేర్చండి: ఎన్, ఓ, ఎమ్, ఓ, డి, ఈ, ఎస్, ఈ, టి. ఎఫ్10 నొక్కండి. వైఫై రాకపోతే ఫోను వైరుతో కలిపి, ఫోను ఇంటర్నెట్‌ను కంప్యూటర్‌కు ఇచ్చే టెథరింగ్ పెట్టండి.

ఏ మింట్ అని అడిగినవారికి: మింట్ వేర్వేరు ముఖాలతో దొరుకుతుంది, నాలుగు జీబీ ర్యామ్ ఉంటే తేలికైన ఎక్స్‌ఎఫ్‌సీఈ. సిన్నమన్ అందంగానే ఉంటుంది, నాకు మాత్రం పాత యంత్రం మీద దాని సోకులు నచ్చవు. డబ్బుంటే ముందు పాత హార్డ్ డిస్కు బదులు వేగమైన ఎస్ఎస్‌డీ వేయించండి.

కడపలో డీటీపీ పని చేసుకునేవాళ్లు ఇద్దరు రాశారు. పేజ్‌మేకర్, అను ఫాంట్ల మీద బతుకుతుంటే ఆ యంత్రంలో విండోస్ తీసేయవద్దు, మీ దగ్గరున్నవి విండోస్‌లో నడిచే రకం. విండోస్ 10కి మద్దతు 2025 అక్టోబరు 14న ఆగింది, నిజమే. ఆ యంత్రానికి ఇంటర్నెట్ తీసేసి పని కానివ్వండి, ఉత్తరప్రత్యుత్తరాలకు లినక్స్ వేరే యంత్రంలో పెట్టుకోండి.

అభ్యాసం: మింట్‌ను పెన్‌డ్రైవ్ నుంచి తెరిచి, ఇన్‌స్టాలర్‌లో సమ్‌థింగ్ ఎల్స్ ఎంచుకుని విభాగాల పట్టిక వరకు వెళ్లండి. భాష, కీబోర్డు మీకు తెలిసినవే. ఆ పట్టికను కాగితం మీద దించండి: ప్రతి విభాగం పేరు, పరిమాణం, రకం. యూఈఎఫ్ఐ యంత్రమైతే వంద నుంచి కొన్ని వందల ఎంబీల చిన్న విభాగం ఒకటి ఈఎఫ్ఐ అని ఉంటుంది, దాని పక్కన ఫార్మాట్ చేయకూడదు అని రాసుకోండి. సీ డ్రైవ్ ఏది, తయారీదారు రికవరీ విభాగం ఏది, మీకై మీరే గుర్తించండి. తర్వాత క్విట్ నొక్కి బయటికి రండి, ఇన్‌స్టాల్ నౌ వైపు పోవద్దు. విండోస్‌లోకి వెళ్లి డిస్క్ మేనేజ్‌మెంట్‌లో అదే పట్టిక మళ్లీ దించి, రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టండి. ఒకదాంట్లో పదహారు ఎంబీ విభాగం ఉండి రెండోదాంట్లో కనబడకపోతే కంగారు పడకండి, దాన్ని విండోస్ తనకోసం దాచుకుంటుంది. వేరే ఏ తేడా వచ్చినా రెండు కాగితాల ఫొటోలూ నాకు పంపండి, చూసి చెప్తాను. ఐదో పాఠంలో విభజన ఆ కాగితాలు చేతిలో ఉన్నవాళ్లకే.