సగానికి పైగా మారిపోయిన కాలేజీ బాస్కెట్‌బాల్ జట్టు నుంచి ఏమి ఆశించాలి, ఎప్పుడు ఆశించాలి

అమెరికాలో ఎంఎస్ చేసి హైదరాబాద్‌కు తిరిగివచ్చినవారిలోనూ, పిల్లలను అక్కడ చదివిస్తున్న తల్లిదండ్రులలోనూ అక్కడి తమ యూనివర్సిటీ బాస్కెట్‌బాల్ జట్టును ఏళ్ల తరబడి అభిమానించేవారు కొందరున్నారు. ఏప్రిల్ వచ్చేసరికి వారి వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే కలవరం మొదలవుతుంది. నిన్నటిదాకా ఆడిన కుర్రాళ్లలో ఏడెనిమిది మంది వెళ్లిపోయారు, ఎన్నడూ పేరు వినని పది మంది వస్తున్నారు, ఇక వచ్చే సీజన్ సంగతేమిటి అని. ఈ ప్రశ్నకు అప్పుడే జవాబు వెతకడం తొందరపాటు. జట్టు పూర్తిగా కుదిరాక, అక్టోబర్‌లో, కాగితం మీద లెక్క వేసుకుని చెప్పుకోవాలి. అదీ ఇన్ని గెలుపులు అని ఒకే అంకెగా కాకుండా, ఏ నెలకు ఏమి కనబడాలో విడివిడిగా చెప్పుకోవాలి.

ముందుగా ఇంతమంది ఎందుకు మారుతున్నారో తెలిస్తే సగం ఆందోళన తగ్గుతుంది. 2018 అక్టోబర్‌లో అమెరికా కాలేజీ క్రీడలను నడిపే సంఘం ఎన్‌సీఏఏ, జట్టు మారదలచినవారు పేరు నమోదు చేసుకునే ట్రాన్స్‌ఫర్ పోర్టల్‌ను తెచ్చాక, వేరే యూనివర్సిటీతో మాట్లాడేందుకు ఆటగాడికి పాత కోచ్ అనుమతి అవసరం లేకపోయింది. 2021లో, ఒకసారి మారినవారు ఏడాది పాటు ఖాళీగా కూర్చోకుండా వెంటనే ఆడే వీలు కల్పించారు. 2024లో, చదువు సక్రమంగా సాగుతున్నంతవరకు ఎన్నిసార్లు మారినా వెంటనే ఆడవచ్చన్నారు. దీనికి డబ్బు తోడైంది: 2021 జూలై నుంచి ఆటగాళ్లు తమ పేరు, రూపాల మీద ఒప్పందాలు చేసుకుని సంపాదించుకుంటున్నారు, 2025 జూలై నుంచి యూనివర్సిటీలు నేరుగా వారికి ఆదాయంలో వాటా ఇవ్వగలుగుతున్నాయి. మొదటి ఏడాది ఆ వాటాకు ఒక్కో యూనివర్సిటీలో అన్ని క్రీడలకూ కలిపి సుమారు 2.05 కోట్ల డాలర్ల పరిమితి పెట్టారు. ఐపీఎల్ మెగా వేలం కొన్నేళ్లకు ఒకసారి వస్తుంది; ఇక్కడ దాదాపు అంత మార్పు ఏటా జరుగుతుంది. కాబట్టి వెళ్లిపోయినవాడిని ద్రోహి అని తిట్టడం వల్ల ప్రయోజనం లేదు, వచ్చినవాడు నాలుగేళ్లు ఉంటాడనుకోవడమూ అంతే.

లెక్కను నిమిషాలతో మొదలుపెట్టాలి. కాలేజీ మ్యాచ్ 40 నిమిషాలు, కోర్టులో ఐదుగురు, అంటే ప్రతి మ్యాచ్‌లో కోచ్ పంచవలసింది 200 నిమిషాలు. గత సీజన్‌లో ఎవరు సగటున ఎన్ని నిమిషాలు ఆడారో యూనివర్సిటీ క్రీడా విభాగం సైట్‌లోనే ఉంటుంది. మిగిలిన ఆటగాళ్ల నిమిషాలను మాత్రమే కూడండి. ఉదాహరణకు, 34 నిమిషాలు ఆడిన పాయింట్ గార్డ్ (బంతిని ముందుకు తెచ్చి ఆట నడిపేవాడు), 22 నిమిషాల సెంటర్ (రింగు దగ్గర ఆడే పొడుగువాడు), బెంచి మీద నుంచి వచ్చి 14 నిమిషాలు ఆడిన కుర్రాడు ఉండిపోతే మొత్తం 70, అంటే 35 శాతం. 100 దాటితే దాన్ని పాత జట్టుగానే చూడవచ్చు. 60కి లోపు అయితే, జెర్సీ రంగు తప్ప పాతదేదీ మిగల్లేదని నేను లెక్క కడతాను. అయితే ఆ 70 నిమిషాలలో పాయింట్ గార్డ్ ఉండటం ఒక ఎత్తు, లేకపోవడం మరొక ఎత్తు, ఎందుకంటే కోచ్ పిలిచే ఆటలన్నీ తెలిసినవాడి చేతిలో బంతి ఉంటే మిగతా కొత్తవారి తడబాటు సగం దాగిపోతుంది.

తర్వాత వచ్చినవారిని చూడాలి. అభిమానులు ఎక్కువగా పొరపడేది ఇక్కడే. చిన్న కాన్ఫరెన్స్‌లో (ఏటా తమలో తాము ఆడుకునే యూనివర్సిటీల కూటమిని కాన్ఫరెన్స్ అంటారు) సగటున 18 పాయింట్లు కొట్టిన ఐదుగురు వస్తున్నారనగానే 90 పాయింట్లు వచ్చేసినట్టు సంబరపడతారు. ఆ ఐదుగురూ తలా 15 షాట్లు వేసేవారనుకుంటే మొత్తం 75 షాట్లు అవుతాయి. కానీ ఒక కాలేజీ జట్టు ఒక మ్యాచ్‌లో వేయగలిగేది సుమారు 60. అంటే 15 షాట్లు ఎవరో ఒకరు వదులుకోవాలి, ఇంకా బెంచి మీద ఉన్నవారి వాటా లెక్కలోకి రానేలేదు. అందుచేత పాయింట్లను పక్కనపెట్టి మూడు సంగతులు అడగండి: బంతి చేతిలో లేనప్పుడు అతడు ఏమి చేస్తాడు, పెద్ద కాన్ఫరెన్స్ జట్లతో ఆడిన ఆ కొద్ది మ్యాచుల్లో అతడి షాట్లలో ఎన్ని పడ్డాయి, అవతలి జట్టులో తనకన్నా పొడుగువాడిని అతడు ఆపగలడా. ఈ చివరి ప్రశ్నకు గణాంకాలలో సరైన జవాబు దొరకదు, పాత మ్యాచ్ ఒకటి పూర్తిగా చూడక తప్పదు. ముఖ్యాంశాల వీడియోలు పనికిరావు, వాటిలో ఎవరూ షాట్ తప్పరు.

ఇప్పుడు, ఇలాంటి జట్లకు నిజంగా ఏమి జరిగిందో చూద్దాం. 2024లో కోచ్ జాన్ కాలిపరి ఆర్కన్సాస్ యూనివర్సిటీకి వెళ్లిపోయినప్పుడు అతడు వదిలిన కెంటకీలో స్కాలర్‌షిప్ ఆటగాడు ఒక్కడూ మిగల్లేదు. కొత్త కోచ్ మార్క్ పోప్ అందరినీ బయటినుంచి తెచ్చుకుని, నవంబర్‌లోనే డ్యూక్‌ను ఓడించి, మొత్తం 12 మ్యాచులు ఓడినా, సీజన్ చివర మార్చిలో జరిగే ఎన్‌సీఏఏ జాతీయ టోర్నమెంట్‌లో చివరి పదహారు జట్ల వరకు చేరుకున్నాడు. 2023-24లో 8 గెలిచి 24 ఓడిన లూయీవిల్, పాట్ కెల్సీ కోచ్‌గా వచ్చిన తొలి ఏడాదే 27 గెలిచి 8 ఓడింది, అయినా ఎన్‌సీఏఏ టోర్నమెంట్‌లో తొలి మ్యాచ్‌లోనే క్రైటన్ చేతిలో ఇంటిదారి పట్టింది. అదే సీజన్‌లో కాలిపరి కొత్త జట్టు ఆర్కన్సాస్ కాన్ఫరెన్స్ ఆటను ఐదు వరుస ఓటములతో మొదలుపెట్టి, మార్చిలో కాన్సస్‌ను, సెయింట్ జాన్స్‌ను ఓడించి చివరి పదహారులో నిలిచింది. వీటిని చూసి అద్భుతాలు ఆశించమని నేను చెప్పడం లేదు, ఇవన్నీ డబ్బు, పేరు ఉన్న యూనివర్సిటీలు. మీ జట్టు మధ్యస్థమైనదైతే తొలి ఏడాది గెలుపోటములు సమానంగా ఉండటమే మంచి ఫలితంగా భావించాలి.

సీజన్ మొదలయ్యాక క్యాలెండర్ చూసుకుంటూ నడవాలి. నవంబర్‌లో చాలా మ్యాచులు సొంత కోర్టులో, డబ్బిచ్చి పిలిపించుకున్న చిన్న జట్లతో జరుగుతాయి. వాటిని 30 పాయింట్ల తేడాతో గెలవడం దేనికీ రుజువు కాదు, ఓడితే మాత్రం ఆలోచించాలి. 2025 ఐపీఎల్‌లో ఉప్పల్‌లో ఆడిన తమ తొలి మ్యాచ్‌లో 286 పరుగులు కొట్టిన సన్‌రైజర్స్ ఆ వెంటనే నాలుగు వరుసగా ఓడి, చివరికి ఆరో స్థానంలో ఆగిపోయిన సంగతి మన ఊరివాళ్లకు కొత్తగా చెప్పనక్కరలేదు. త్రీ పాయింటర్ల (దూరపు గీత అవతలినుంచి వేసే, మూడు పాయింట్ల షాట్ల) శాతం విషయంలో మరింత జాగ్రత్త అవసరం. ప్రత్యర్థులు రెండు మ్యాచుల్లో 45 శాతం త్రీలు వేశారంటే అందులో అదృష్టం పాలు ఎక్కువ, డిఫెన్స్ కూలిపోయిందని అప్పుడే తీర్పు చెప్పకూడదు.

అమెరికా తూర్పు తీరంలో రాత్రి 7 గంటల మ్యాచ్ మనకు శీతాకాలంలో తెల్లవారి 5:30కు పడుతుంది, మార్చి రెండో ఆదివారం తర్వాత 4:30కు. అంత పొద్దున్నే లేచి చూసేవారు స్కోరును కాసేపు మరచి, అవతలి జట్టు మన గార్డుకు స్క్రీన్ పెట్టినప్పుడు, అంటే అతడి దారికి ఒకడు అడ్డుగా నిలబడినప్పుడు, ఏమి జరుగుతుందో గమనించాలి. కొత్త జట్టులో ఇద్దరు డిఫెండర్లూ బంతి వైపే పరుగెడతారు, లేదా ఇద్దరూ ఆగిపోతారు, ఖాళీగా దొరికిన సెంటర్ రింగు దగ్గర సులువుగా వేసేస్తాడు. ఆ మరుక్షణం ఇద్దరూ చేతులు చాచి నువ్వంటే నువ్వని చూసుకుంటారు. డిసెంబర్ నెలాఖరుకు ఆ చేతులు చాచడం తగ్గి, స్క్రీన్ రాకముందే వెనుకనుంచి సెంటర్ కేకవేయడం కనబడితే పని జరుగుతోందని అర్థం. టర్నోవర్ల (షాట్ వేయకుండానే బంతి పోగొట్టుకోవడం) సంఖ్య తగ్గుతోందా, చివరి ఐదు నిమిషాల్లో కోచ్ ప్రతిసారీ అదే ఐదుగురిని నమ్ముతున్నాడా అన్నవి కూడా చూడాలి.

జనవరి నుంచి కాన్ఫరెన్స్ మ్యాచులు వరుసగా వస్తాయి. అక్కడ పరాయి కోర్టులో గెలవడం అనుభవమున్న జట్లకే కష్టం, కనుక సొంత కోర్టులో మూడింట రెండు, బయట మూడింట ఒకటి గెలిస్తే నేను తృప్తిపడతాను. ఏ గెలుపు విలువ ఎంతో తెలుసుకోవడానికి ఎన్‌సీఏఏ వాడే నెట్ ర్యాంకింగ్ చూడాలి: సొంత కోర్టులో మొదటి 30 ర్యాంకుల జట్టును, తటస్థ వేదికపై మొదటి 50లోని జట్టును, పరాయి కోర్టులో మొదటి 75లోని జట్టును ఓడిస్తే అది అత్యుత్తమ శ్రేణి గెలుపు. డివిజన్ వన్‌లో 350కి పైగా జట్లుండగా, 2011 నుంచి 2026 వరకు టోర్నమెంట్‌కు పిలిచింది 68 జట్లనే. కొత్తగా కట్టిన జట్టు ఫిబ్రవరి చివర ఆ గీత దగ్గర తచ్చాడుతోందంటే, చివరికి పిలుపు రాకపోయినా, సీజన్ విఫలమైందనడం అన్యాయం.

ఓడిన రోజున ఆటగాళ్ల ఇన్‌స్టాగ్రామ్‌కు సందేశాలు పంపకండి. వాళ్లు ఇరవై ఏళ్ల పిల్లలు, అదే ఫోన్‌లో వాళ్ల అమ్మ సందేశమూ ఉంటుంది.

సీజన్ ముగిశాక గెలుపుల సంఖ్య కన్నా ఎవరు ఉండిపోతున్నారన్నదే రెండో ఏడాదికి మంచి ఆధారం. కోచ్ రిక్ పిటినో 2023లో సెయింట్ జాన్స్‌ను దాదాపు మొత్తం కొత్తవారితో నింపాడు. ఆ ఏడాది 20 గెలిచి 13 ఓడి, టోర్నమెంట్ పిలుపు అందక, అభిమానులు నిరాశపడ్డారు. కానీ ఆ జట్టులోని ఆర్జే లూయిస్, జూబీ ఎజియోఫోర్ వెళ్లిపోకుండా ఉండిపోయారు. మరుసటి ఏడాది వారి చుట్టూ కొత్త గార్డులు చేరగా ఆ జట్టు 31 గెలిచి 5 మాత్రమే ఓడింది, బిగ్ ఈస్ట్ టైటిల్ సాధించింది, ఆ కాన్ఫరెన్స్ ఉత్తమ ఆటగాడిగా లూయిస్ ఎంపికయ్యాడు. మీ జట్టు తొలి ఏడాది ఎలా గడిచినా, వసంతంలో పోర్టల్ తెరుచుకున్నప్పుడు 25 నిమిషాలకు పైగా ఆడే ఇద్దరు ముగ్గురు అందులో పేరు నమోదు చేసుకోకపోతే, వచ్చే అక్టోబర్ అంచనాను ఒక మెట్టు పైకి జరపవచ్చు. వాళ్లూ వెళ్లిపోతే అదే కోచ్ ఉన్నా సరే, దాన్ని మళ్లీ మొదటి ఏడాదిగానే లెక్కించాలి.